తొలి ఆటకు తొలి మాట

ఒక కవితను గాని, చిత్రాన్ని గాని, పాటను గాని మొట్టమొదటిసారిగా నలుగురి ముందు ఉంచిన వ్యక్తికి మనం ఏమి చెప్పాలి? ఉన్నదున్నట్లు చెబితే లేత ఉత్సాహం వాడిపోతుందేమోనన్న సంకోచం ఒకవైపు. మెచ్చుకొని ఊరుకుంటే అసత్యం పలికినవారమవుతామన్న సందేహం మరొకవైపు. ఈ ప్రశ్న పాతదే. అయితే కంప్యూటర్ ఆటల నిర్మాణం యువతరానికి ఒక కళాభ్యాసంగా పరిణమించిన ఈ రోజులలో అది కొత్త రూపంలో మన ముందుకు వస్తున్నది.

'గేమ్ జామ్' అనే పేరు సంగీతకారుల నుంచి వచ్చింది. ముందస్తు సన్నాహం లేకుండా కొందరు వాద్యకారులు కూడి వాయించుకోవటాన్ని పాశ్చాత్యులు జామ్ అంటారు. ఆటల విషయంలో దాని అర్థం, నిర్ణీత కాలంలో, సాధారణంగా 48 గంటలలో, అప్పటికప్పుడు ప్రకటించిన ఇతివృత్తం మీద ఒక ఆటను ఊహించి, బొమ్మలు గీసి, ధ్వనులు కూర్చి, ప్రోగ్రాము రాసి అందరికీ అందించటం. 2002లో మొదలైన లూడం డేర్ ఇటువంటి వాటిలో పాతది. 2009 జనవరిలో తొలిసారిగా జరిగిన గ్లోబల్ గేమ్ జామ్‌లో 23 దేశాలలోని 53 కేంద్రాల నుంచి సుమారు 1,650 మంది పాల్గొన్నారు.

తెలుగు పాఠకునికి ఇది బొత్తిగా అపరిచితమైన వ్యవహారం కాదు. అష్టావధానంలో పృచ్ఛకుడు ఒక సమస్యను ఇస్తాడు. దత్తపదిలో నాలుగు పదాలిచ్చి పద్యం చెప్పమంటాడు. నిషిద్ధాక్షరిలో అడుగడుగునా ఒక అక్షరాన్ని వద్దంటాడు. నియమమూ, కాలపరిమితీ, సభా మూడూ అక్కడ ఉన్నాయి. భేదమల్లా ఒక్కటే. అవధాని ఏళ్ళ తరబడి సాధన చేసిన తరువాత సభకు వస్తాడు; జామ్‌లో పాల్గొనే అభ్యాసకుడు సభలోనే సాధన మొదలుపెడతాడు. కనుక అవధాని విషయంలో సభ వహించే పరీక్షకుని పాత్ర ఇక్కడ యథాతథంగా చెల్లదు.

విషయం స్పష్టం కావటానికి సూరత్ జిల్లాలోని కిమ్‌ను తలచుకొందాం. వడోదర నుంచి సూరత్ వచ్చే రైలుమార్గంలో, సూరత్‌కు ఉత్తరాన, అదే పేరుగల నదికి సమీపాన ఉన్న ఊరు అది. చుట్టుపక్కల వస్త్ర పరిశ్రమకు చెందిన కర్మాగారాలు విస్తరించాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు సూరత్ మరమగ్గాల పరిశ్రమలో తరాలుగా పనిచేస్తున్నాయి. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమానికి కూడా చోటు కల్పించవలసి వచ్చిందంటే అక్కడి తెలుగువారి ఉనికి ఎంతటిదో ఊహించవచ్చు.

అటువంటి కుటుంబానికి చెందిన ఒక విద్యార్థిని కిమ్‌లో ఉంటూ, ఉచితంగా లభించే గోడో వంటి సాధనంతో తన మొదటి ఆటను తయారుచేసిందనుకొందాం. ఇచ్చిన ఇతివృత్తం 'బంధం'. ఆమె ఆటలో ఒక మగ్గం నడుస్తూ ఉంటుంది. పడుగులో పోగులు తెగుతుంటాయి. ఆడేవారు వాటిని సకాలంలో ముడివేయాలి. ఏ మీట నొక్కితే ముడి పడుతుందో ఆట ఎక్కడా చెప్పదు. మూడవ దశలో వేగం హఠాత్తుగా పెరిగి ఎవరికీ అందకుండా పోతుంది. మగ్గం చప్పుడు తగ్గించే వీలు లేదు. అయినా పోగు అతికిన ప్రతిసారీ ఆ చప్పుడు తిరిగి తన లయలోకి వచ్చినప్పుడు ఆడేవారి మనస్సుకు ఒక ఊరట కలుగుతుంది. ఈ ఆటను చూసినవారు ఆమెకు ఏమి చెప్పాలి?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకటంలో రాజశేఖరుడు మనకు తోడ్పడతాడు. ఆయన కావ్యమీమాంస 1916లో, ఇదే రైలుమార్గంలోని బరోడాలో, గైక్వాడ్ ఓరియంటల్ సిరీస్ మొదటి గ్రంథంగా వెలువడింది. సృష్టించే ప్రతిభను కారయిత్రి అనీ, ఆస్వాదించి గ్రహించే ప్రతిభను భావయిత్రి అనీ ఆయన విభజించాడు. రసజ్ఞతకు కూడా ప్రతిభ కావాలన్నమాట. భావకులు నాలుగు విధాలు. దేనినీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నింటినీ ఆరగించేవాడు సతృణాభ్యవహారి. గుణాన్ని చూసి ఓర్వలేనివాడు మత్సరి. విషయతత్త్వం మీదనే దృష్టి నిలిపేవాడు తత్త్వాభినివేశి.

మన విద్యార్థినికి మొదట ఎదురయ్యేది సతృణాభ్యవహారియే. ఇంటివారు, మిత్రులు 'చాలా బాగుంది' అంటారు. వారిలో కొందరు రెండవ దశ దాటి ఆడి ఉండరు. ఇది దయగా కనిపించే ఉపేక్ష. తరువాత అరోచకి వస్తాడు. కోట్ల రూపాయల ఖర్చుతో తయారైన ఆటలతో పోల్చి, ఇది ఆటే కాదంటాడు. ఇది సత్యంగా కనిపించే ఉపేక్ష. ఇద్దరూ ఆమె చేసిన పనిని పరిశీలించలేదు. ఒకరు ఆమెను చూశారు, మరొకరు తమ అభిరుచిని చూసుకొన్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 'నీకు గొప్ప భవిష్యత్తు ఉన్నది' అన్న మాటా, 'ఇది నీకు అబ్బే విద్య కాదు' అన్న మాటా సమానంగా నిరాధారమైనవి. 48 గంటలలో జరిగిన ఒక ప్రయత్నం ఒక వ్యక్తి శక్తికి ప్రమాణం కాజాలదు. కనుక అభ్యాసకుని ప్రతిభ మీద తీర్పు చెప్పకపోవటం మొగమాటం కాదు, అది సత్యనిష్ఠే. కటువుగా మాట్లాడేవారు తాము సత్యం చెబుతున్నామని భావిస్తారు గాని, తరచు తమకు తెలిసినదానికన్న ఎక్కువ చెబుతుంటారు.

మరి తెలిసినది ఏమిటి? ఆడుతున్నప్పుడు తమకు కలిగిన అనుభవం. 'ముడి ఎలా వేయాలో తెలియక మూడు పర్యాయాలు మొదటి నుంచి ఆడవలసి వచ్చింది. తెలిసిన తరువాత విడువబుద్ధి కాలేదు. మగ్గం మళ్ళీ లయలో పడినప్పుడు హాయిగా అనిపించింది. మూడవ దశలో నా చేయి అందుకోలేకపోయింది.' ఇందులో తీర్పు లేదు, సాక్ష్యం ఉన్నది. పొగడ్త లేదు గాని గుణం ఎక్కడ ఉన్నదో తెలుస్తున్నది. నింద లేదు గాని దోషం ఎక్కడ ఉన్నదో దాగలేదు. భగవద్గీత పదిహేడవ అధ్యాయం వాఙ్మయ తపస్సును గురించి చెబుతూ సత్యానికీ ప్రియానికీ జతగా హితాన్ని కూడా చేర్చింది. సత్యమా ప్రియమా అని మనం తర్కించుకొనే సందర్భాలలో మరచిపోయేది ఈ మూడవదానినే.

హితం అన్నప్పుడు ఎంపిక అవసరమవుతుంది. ఆటలో ఇరవై లోపాలు కనిపిస్తే ఇరవైనీ ఏకరువు పెట్టాలా? కొన్నింటిని చెప్పక విడిచిపెట్టటం వంచన కాదా? నేతపనిలో దీనికి సమాధానం దొరుకుతుంది. మగ్గం నుంచి దిగిన బట్టను వెలుతురులో పరచి చూసే అనుభవజ్ఞుడు లోపాన్ని గుర్తించి ఊరుకోడు. నూలులో ఉన్నదా, మగ్గంలో ఉన్నదా, చేతిలో ఉన్నదా అని విచారిస్తాడు. నేర్చుకొనేవానికి ముందు చేతిలోని దోషాన్ని, అందులోనూ మరునాడే సరిదిద్దుకోగలదానిని చూపిస్తాడు. తక్కినవి దాచడు, అడిగినప్పుడు చెబుతాడు. క్రమాన్ని పాటించటం వేరు, కప్పిపుచ్చటం వేరు.

ఇందుకు ఒక ఆక్షేపణ రావచ్చు. అందరినీ ఇలా ఆదరిస్తే ప్రమాణాలు ఏమవుతాయని అడగవచ్చు. బహుమతిని నిర్ణయించవలసినవారి ధర్మం వేరన్నది నిజమే. పోటీలో పాల్గొన్న తక్కినవారి పట్ల కూడా వారికి బాధ్యత ఉన్నది కనుక పోల్చక తప్పదు. లూడం డేర్‌లో నిర్మాతలే ఒకరి ఆటకు మరొకరు వినోదం, నవ్యత, ఇతివృత్తం, చిత్రాలు, ధ్వని మొదలైన అంశాలలో అంకెలు ఇస్తారు; 20 మంది అయినా వేస్తే గాని ఫలితం లెక్కకు రాదు. పోటీకి ఆ అంకెలు అవసరం. కాని అయిదుకు రెండున్నర వచ్చిందన్న సమాచారంతో మన విద్యార్థిని రేపు ఉదయం ఏ పనికి పూనుకోవాలి? అంకె స్థానాన్ని చెబుతుంది. మాట మార్గాన్ని చెబుతుంది. అందువల్లనే అక్కడ అంకెలతోపాటు వ్యాఖ్యలకు కూడా చోటు ఉన్నది.

మరొక విశేషం, అక్కడ మాట పొందదలచినవారు మాట ఇవ్వాలి కూడా. ఇతరుల ఆటలను ఆడి అభిప్రాయం చెప్పినవారి ఆటలే ఎక్కువమంది దృష్టికి వస్తాయి. సూరత్‌లో పుట్టిన నర్మద్ పద్దెనిమిదేళ్ళు నిండకముందే బొంబాయి యువకుల సభలో తన తొలి వ్యాసాన్ని వినిపించాడు. మండలిగా కూడటం వలన కలిగే లాభాలే దాని విషయం. ఆధునిక గుజరాతీ వచనానికి ఆద్యుడనిపించుకొన్నవాడు శ్రోతల మండలి ఉండటం వలననే ఆ మొదటి అడుగు వేయగలిగాడు. కిమ్ వంటి చిన్న ఊరిలో, ఇంటి భాష ఒకటి, వీధి భాష మరొకటి అయిన చోట, అటువంటి మండలి సులభంగా దొరకదు. అక్కడ తొలి ఆటకు వచ్చిన ఒక్క మాటే కొన్నాళ్ళపాటు ఏకైక మాట కావచ్చు. అది శూన్యమైన పొగడ్త అయినా, తేలికపాటి వెక్కిరింత అయినా, నష్టం మాత్రం సమానమే.

ఈ రంగానికి ప్రభుత్వాల ప్రోత్సాహం కూడా పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కొరకు 'ఇమేజ్' విధానాన్ని ప్రకటించింది. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ముంబయిలో నిర్వహించిన 'వేవ్స్' సదస్సు సందర్భంగా సృజనకారులకు పోటీలు ఏర్పాటుచేసింది. ఇవి హర్షించదగినవి. అయితే బహుమతి కొందరికే దక్కుతుంది. మాట అందరికీ దక్కవచ్చు. జిల్లా స్థాయిలో గాని, కళాశాలలో గాని ఇటువంటి కార్యక్రమాన్ని నిర్వహించేవారు, పాల్గొన్న ప్రతి ఒక్కరి ఆటనూ ఒకరైనా చివరిదాకా ఆడి, నాలుగు వాక్యాలు రాసి ఇచ్చే ఏర్పాటు చేస్తే అందుకు అయ్యే వ్యయం స్వల్పం. కావలసింది ఓపిక.

తొలి ప్రయత్నం చేసినవారు మన నుంచి ఆశించేది దయా కాదు, తీర్పూ కాదు, శ్రద్ధ. అది వారికి మనం పడిన బాకీ. దానిని సరిగా తీర్చామా లేదా అన్నది ఆ నిమిషాన వారి ముఖంలో కనిపించిన సంతోషాన్ని బట్టి గాక, కొన్ని నెలల తరువాత వారు రెండవ ఆటను తయారుచేశారా, అందులో ముడి ఎలా వేయాలో ముందుగానే చెప్పారా అన్నదానిని బట్టి తెలుస్తుంది.