పూర్వసైనికుడును పౌరసత్వమును

అమెరికా సంయుక్త రాష్ట్రముల సైన్యమున చేరుటకు ఆ దేశపు పౌరుడు కానక్కరలేదు. శాశ్వత నివాసానుమతి గలవాడైన చాలును. అట్టివాడు యుద్ధమున ప్రాణము నొడ్డి తిరిగివచ్చి పోలీసుకొలువు కోరినచో, పలుచోట్ల "నీవు పౌరుడవా?" యని యడుగుదురు.

ఇది వట్టి దురహంకారమని త్రోసివేయరాదు. పోలీసువాడు పౌరుని శోధింపగలడు, నిర్బంధింపగలడు. అది పాలనాధికారములో నొక భాగము. న్యూయార్కు రాష్ట్రము తన పోలీసులకు పౌరసత్వము విధించుట చెల్లునని 1978లో అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పుటకు కారణమిదియే. ఈ వాదమునకు బలము గలదని యొప్పుకొందును. కాని మంటల నార్పువాడు ఎవ్వరిని పాలించును? కొన్ని నగరములు వానికిని ఈ నియమమునే పెట్టుట నాకు బోధపడలేదు.

పోలీసు విషయమున సైతము లోపము సైనికునిదే యనరాదు. పంజాబునుండి వెళ్లిన భగత్ సింగ్ థిండ్ 1918లో ఆ సైన్యమున చేరెను. ఆయన చట్టము చెప్పిన శ్వేతజాతీయుడు కాడని 1923లో ఆ న్యాయస్థానమే తీర్పు చెప్పెను. పూర్వసైనికులకై 1935లో శాసనము పుట్టిన పిమ్మట, 1936లో గాని ఆయన పౌరసత్వము స్థిరపడలేదు. ఆ పదునెనిమిదేండ్లును ఆయన విధేయతను శంకింపదగిన కాలమా? దేశము తన మాట చెల్లింపక జాగుచేసిన కాలము.

నేడు యుద్ధకాలమున సేవించినవారు నివాసకాలపు నిబంధన లేకయే పౌరసత్వమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఆ కాగితము కదలక కొలువునకు వయఃపరిమితి దాటిపోయినచో ఎవరిని తప్పుపట్టుదుము? కాలిఫోర్నియా 2023 నుండి పోలీసులకు ఈ నిబంధనను తొలగించినది. 2024లో ఇల్లినాయి రాష్ట్రమును ఆ త్రోవనే నడచినది.