రూఢి కాని పేరు: సుగంధద్రవ్య నామాలు – నామకరణ నీతి

మనిషి ప్రమేయం లేకుండా జరిగి, అతనితో జీవితాంతం నిలిచే నిర్ణయాల్లో నామకరణం ఒకటి. పేరు పెట్టేవారు ఒకరు, దాన్ని మోసేవారు మరొకరు. పిలిచేవారు వీరిద్దరూ కాక లోకమంతా. అరుదైన పేరు కావాలనే అభిలాష బలపడుతున్న ఈ కాలంలో తల్లిదండ్రుల దృష్టి ఓషధుల వైపు, సుగంధద్రవ్యాల వైపు కూడా మళ్ళుతున్నది. ఇంతవరకు ఎవరూ పెట్టని పేరు పెట్టడం బిడ్డకు చేసే గౌరవమా, బిడ్డపై మోపే భారమా అన్న ప్రశ్నను చోడవరం పరిసరాల నామసంప్రదాయం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంటిపేరులో రుచి, వ్యక్తినామంలో దైవం

2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలోను, ఆ తరువాత అనకాపల్లి జిల్లాలోను ఉన్న చోడవరం మైదానానికీ మన్యానికీ నడుమ దారిలో ఉంది. ఇక్కడినుంచి మాడుగుల మీదుగా పాడేరుకు వెళ్ళే మార్గం పసుపు, అల్లం పండే కొండల్లోకి పోతుంది. అక్కడి కాఫీతోటల్లో నీడచెట్లకు మిరియపు తీగలు అల్లుకొని ఉంటాయి. ఇటు మైదానంలో చెరకు సాగు, గోవాడ సహకార చక్కెర కర్మాగారం, అనకాపల్లి బెల్లం మార్కెట్టు ప్రసిద్ధాలు. ఇన్ని రుచుల నడుమ ఉన్న ప్రాంతంలో వ్యక్తినామాలు మాత్రం దేవతల నుంచి వచ్చాయి. సింహాచలం అప్పన్న పేర అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాచలం. అనకాపల్లి నూకాలమ్మ పేర నూకరాజు, నూకయ్య. విజయనగరం పైడితల్లి పేర పైడిరాజు, పైడమ్మ. పసుపుగాని, మిరియంగాని వ్యక్తినామాలుగా ప్రచారం పొందలేదు. ఓషధుల్లో నిలదొక్కుకొన్న తులసి, తులసమ్మ అనే పేర్లకు కూడా ఆధారం మొక్క గుణం కాదు, కోటలో పూజలందుకొనే దైవత్వం.

అయితే తెలుగువారు ఈ పదాలను పేర్లలోకి రానివ్వలేదనడం సరికాదు. వాటికి ఇంటిపేర్లలో చోటిచ్చారు. అల్లం, శొంఠి, ఇంగువ, మిరియాల అనే ఇంటిపేర్లున్నాయి; పసుపు తొలిపదంగా పసుపులేటి ఉంది. కథకుడు అల్లం రాజయ్యను, పురావస్తు శాస్త్రవేత్త ఇంగువ కార్తికేయశర్మను, నటి పసుపులేటి కన్నాంబను తలచుకొనేటప్పుడు ఎవరికీ వంటిల్లు గుర్తుకు రాదు. ఇంటిపేరు ఒక్కరి ఎంపిక కాదు. వంశమంతా పంచుకొనేది కనుక దాని అర్థభారం ఏ ఒక్కరి భుజం మీదా పడదు. వ్యక్తినామం అట్లా కాదు. అది ఒక్కరి ఇష్టంతో పుట్టి మరొక్కరి మీద నిలుస్తుంది.

యదృచ్ఛ ఎవరిది?

పతంజలి మహాభాష్యం శబ్దప్రవృత్తిని జాతి, గుణ, క్రియ, యదృచ్ఛ అని నాలుగు విధాలుగా చెప్పింది. సంజ్ఞానామాలు యదృచ్ఛా శబ్దాలు. అంటే వక్త ఇచ్ఛ తప్ప వేరొక నిమిత్తం లేనివి. డిత్థుడు, డవిత్థుడు వంటి అర్థరహిత పదాలు వ్యాకరణ గ్రంథాల్లో వీటికి ఉదాహరణలయ్యాయి. పాశ్చాత్య తర్కంలో జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో ప్రకటించిన గ్రంథంలో ఇటువంటి అభిప్రాయమే వెలిబుచ్చాడు. ఆయన దృష్టిలో సంజ్ఞానామం వ్యక్తిని నిర్దేశిస్తుంది, గుణాన్ని బోధించదు.

ఈ సిద్ధాంతం స్థిరపడిన పేర్లకు సరిపోతుంది. తులసి అనే స్త్రీని పిలిచేటప్పుడు మొక్క స్ఫురించదు. అక్కడ రూఢి యోగార్థాన్ని కప్పివేసింది. కొత్త పేరుకు ఇంకా ఆ రూఢి లేదు. ఒక బాలికను లవంగం అని పిలిస్తే విన్నవారికి ముందు తోచేది పోపులడబ్బా, తరువాతనే బాలిక. పేరు రూఢి అయ్యేవరకు యోగార్థపు భారాన్ని మోసేది బిడ్డ. ఇచ్ఛ పెట్టినవారిది, ఫలం పెట్టించుకొన్నవారిది. సమస్యకు నైతిక స్వభావం ఇక్కడే ఏర్పడుతున్నది.

భాషలో ముందే ఉన్న నానుడులు ఈ భారాన్ని పెంచుతాయి. పని తీరాక పక్కకు నెట్టిన మనిషిని ‘కూరలో కరివేపాకు’ అంటారు. పూర్వవైభవపు వాసన మాత్రమే మిగిలినవారిని ‘ఇంగువ కట్టిన గుడ్డ’ అంటారు. ఏలకులకు సంస్కృతంలో ఉన్న ‘ఏల’ శ్రావ్యమైన పేరే కాని, తెలుగు చెవికి అది ‘ఎందుకు’ అని కూడా వినిపిస్తుంది. ఇటువంటి చిక్కు తెలుగుకే పరిమితం కాదు. ఫ్రాన్సులోని వాలాన్సియెన్ న్యాయస్థానం ఒక శిశువుకు ‘ఫ్రేజ్’ (స్ట్రాబెరీ పండు) అనే పేరును అంగీకరించలేదని 2015లో పత్రికలు ప్రకటించాయి. ఆ పండు చుట్టూ ఉన్న వాడుకమాట ఆధారంగా తోటిపిల్లలు ఎగతాళి చేస్తారన్నది కారణం. తల్లిదండ్రులు పందొమ్మిదో శతాబ్దిలో వాడుకలో ఉన్న ‘ఫ్రేజీన్’ను ఎంచుకొన్నారు. అభ్యంతరం పండుకు కాదు, నానుడికి. రూఢి ఉన్న రూపం దొరకగానే అదే పండు పేరుగా చెల్లింది. ఆంగ్లంలో తులసి జాతి మొక్క పేరైన ‘బాసిల్’ పురుషనామంగా చెల్లడానికీ కారణం మొక్క కాదు. రాజు అనే అర్థంగల గ్రీకు పదం, ఆ పేరుగల క్రైస్తవ సాధువు దానికి రూఢి కల్పించారు.

తవుడు నేర్పే పాఠం

అర్థం హీనమైతే పేరు తప్పక హీనమవుతుందనే వాదాన్ని ఉత్తరాంధ్ర సంప్రదాయం నిలవనివ్వదు. వరుసగా బిడ్డలు దక్కని ఇంట పుట్టిన శిశువును తవుడిచ్చి కొనుక్కొన్నట్టు భావించి, తవుడు, తవిటయ్య, తవిటమ్మ అని పేరు పెట్టడం ఇక్కడి ఆచారం. పెంటయ్య, కుప్పయ్య అనే పేర్లూ ఈ కోవలోవే. విలువలేని వస్తువుగా చూపితే మృత్యువు కన్ను పడదన్న విశ్వాసం దీని మూలం. లవంగం కన్నా, ఏలకుల కన్నా తవుడు ఎంతో చవకైన వస్తువు. అయినా తవిటినాయుడు అనే పేరు ఊరిలో నవ్వు పుట్టించలేదు. ఆ పేరు వెనుక ఒక తల్లి భయం ఉందని పిలిచే ప్రతివారికీ తెలుసు. అర్థభారాన్ని ఊరంతా పంచుకొన్నది. నేటి అరుదైన పేరుకు లేనిది ఈ పంపకమే. దాని వెనుక ఉన్న భావం ఇద్దరికే తెలుసు. ఎదురయ్యే ప్రతివారికీ వివరించుకోవలసిన పని బిడ్డకు మిగులుతుంది. అయితే ఆ ఊరు దాటి పట్టణపు కళాశాలకో కార్యాలయానికో వెళ్ళిన తవుడుకు కూడా ఎగతాళి తప్పదు. అక్కడ ఆ భయం కథ ఎవరికీ తెలియదు.

నవ్వు ఎక్కడినుంచి వస్తుంది?

దీన్నిబట్టి పరిచితమైన పేర్లే పెట్టాలని తీర్మానిస్తే చర్చ సగంలో ఆగిపోతుంది. ప్రతి రూఢనామం ఒకప్పుడు కొత్తదే. పైగా పరిచితత్వం పేరుతో చెలామణి అయ్యేది అనేకసార్లు అధికారం. భవభూతి మాలతీమాధవంలో నాయిక చెలికత్తె పేరు లవంగిక. ఆ పేరు వినసొంపుగా తోస్తుంది. లవంగమ్మ అంటే నవ్వు వస్తుంది. ద్రవ్యం ఒకటే. మారింది పదానికి కట్టిన వేషం. హరిద్రకు దక్కే మర్యాద పసుపుకు ఎందుకు దక్కదన్న ప్రశ్నకు వృక్షశాస్త్రంలో సమాధానం లేదు.

నామకరణంలో ఈ అంతరాలు కొత్తవి కావు. మనుస్మృతి రెండవ అధ్యాయం బ్రాహ్మణుని పేరు మంగళకరంగాను, క్షత్రియునిది బలసూచకంగాను, వైశ్యునిది ధనసంబంధంగాను, శూద్రునిది జుగుప్సితంగాను ఉండాలని విధించింది. మూడవ అధ్యాయం నక్షత్రాలు, చెట్లు, నదులు, పక్షులు, పాముల పేర్లుగల కన్యలను వివాహమాడరాదన్నది. రోహిణి, తులసి, గంగ, చిలకమ్మ, నాగమ్మ అని పిలుచుకొన్న సమాజం రెండవ విధిని లక్ష్యపెట్టలేదు. మొదటి విధి వెనుకనున్న తారతమ్యభావం మాత్రం పేరు విని మనిషిని అంచనా కట్టే అలవాటులో మిగిలింది. దేశిపదం పేరైతే మోటు, సంస్కృతపదం పేరైతే నాగరికం అనే నేటి తీర్పులోనూ దాని ఛాయ కనిపిస్తుంది. వంటింటి పదాన్ని విని నవ్వేవారు బిడ్డనే కాదు, ఆ పదం పలికే తల్లి నోటినీ తక్కువ చేస్తున్నారు.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల బాధ్యత రెండు వైపులా ఉన్నదని తేలుతుంది. పేరు పెట్టేవారు తమ అభిరుచిని కాక ఆ పదం చుట్టూ తెలుగులో ఉన్న నానుడులను, బిడ్డను పిలవబోయే అవ్వ నోటిని, ఉపాధ్యాయుని నోటిని తలచుకోవాలి. బిడ్డ ఒంటరిగా మోయలేని అర్థాన్ని పేరులో పెట్టకూడదు. తొందరపడవలసిన అవసరం చట్టరీత్యా కూడా లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పేరు లేకుండానే జననాన్ని నమోదు చేసి, పేరును తరువాత చేర్పించుకొనే వీలు కల్పించింది.

పిలిచేవారి బాధ్యత ఇంతకన్నా చిన్నది కాదు. తవుడును మన్నించిన చోడవరం ప్రాంతపు ఊళ్ళు ఏ పదమైనా మనిషి పేరు కాగలదని నిరూపించాయి. అందుకు కావలసింది పదానికి గొప్ప అర్థం ఉండడం కాదు, పిలిచేవారికి పిలుపులో మర్యాద ఉండడం. నామకరణం ఇరవైఒకటో రోజు ఉయ్యాల దగ్గర మొదలై, బడిలో హాజరు పిలిచిన ప్రతి ఉదయం కొనసాగుతుంది. అక్కడ ఒక అల్లమ్మనో మిరియమ్మనో నవ్వకుండా పిలవగలిగిన నాడు ఆ పేరు రూఢి కావడం మొదలవుతుంది.