మంచముమీద మన వంతు

ధ్యానభాగము: యోహాను సువార్త 13వ అధ్యాయము, 1 నుండి 17 వచనములు



ఆ రాత్రి భోజనపు బల్లయొద్దనుండి లేచి, ప్రభువు నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడుగుట మన మెరిగిన సంగతియే. పేతురు మాత్రము మొదట తన పాదములు ముట్టనియ్యలేదు. ప్రభువు కొరకు ప్రాణమైనను పెట్టెదనని ఆ రాత్రియే పలికినవాడు, ప్రభువుచేత కడిగించుకొనుటకు ఒప్పుకొనలేకపోయెను. సేవ చేయుటకన్న సేవ పొందుట అతనికి కష్టమాయెను. ఇది ఎంత నిజమో మన ధరూరు సంఘములోని ఒక చిన్నదాని మాటవలన మాకు ఈ మధ్య తెలియవచ్చినది.

ఆమె నర్సు చదువు చదువుచున్నది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, "అమ్మా, రోగులను అప్పుడే మీ చేతికి అప్పగించుచున్నారా?" అని అడిగితిమి. ఆమె నవ్వి, "లేదు అయ్యగారూ, ముందు మాకు మేమే రోగులము" అనెను. తరగతిలో ఇద్దరిద్దరు జతకూడుదురట. ఒకతె మంచముమీద పండుకొనును. మరియొకతె నాడి చూచును, జ్వరము కొలుచును, రక్తపోటు చూచును, మనిషి మంచముమీద ఉండగానే దుప్పటి మార్చును. తరువాత వంతులు మార్చుకొందురు. సూది వేయుట మాత్రము బొమ్మమీదనే నేర్పుచున్నారట. ఒకరి రక్తము మరియొకరికి తగులుట అపాయము గదా.

"చేయుటకు భయము కాలేదు అయ్యగారూ, పండుకొనుటకే భయమైనది" అని ఆమె చెప్పెను. "నలుగురు పైనుండి చూచుచుంటే సిగ్గు. చల్లని చెయ్యి తటాలున తగిలితే ఒళ్లు ఉలిక్కిపడ్డది. ఏమి చేయబోవునో ముందు చెప్పితే బాగుండునే అనుకొన్నాను. అందుకే నా వంతు వచ్చినప్పుడు చేతులు రుద్దుకొని, వెచ్చచేసికొని, చెప్పి ముట్టుకొన్నాను."

మత్తయి సువార్త 7వ అధ్యాయము 12వ వచనములో ప్రభువిచ్చిన ఆజ్ఞకు ఇంతకన్న మంచి వ్యాఖ్యానము మేము సెమినరీలో వినలేదు.

ఆమె మరియొక సంగతి చెప్పెను. నాడిని బొటనవ్రేలితో చూడరాదట. బొటనవ్రేలిలో మన నాడియే కొట్టుచుండును. దానితో పట్టుకొన్నవారు తమ నాడిని లెక్కించి రోగి నాడి యనుకొందురు. కావున తక్కిన వ్రేళ్ల కొనలతో మెల్లగా పట్టుకొని, నిండ ఒక నిమిషము లెక్కింపవలెను. ఈ మాట మమ్మును గుచ్చినది. మన సంఘములో ఒక ముసలి తల్లి నెలల తరబడి మంచము పట్టియుండెను. మేము వారము వారము వెళ్లి, వాక్యము చదివి, ప్రార్థించి, ఇంకొక ఇంటికి పోవలెనని లేచుచుంటిమి. "జరసేపు కూసోండ్రి అయ్యగారూ" అని ఆమె అడుగుచుండెను. ఇప్పుడామె ప్రభువునందు నిద్రించినది. ఆ ఇంటిలో మేము లెక్కించినది మా తొందరనే గాని ఆమె బాధను కాదు.

తరువాతి ఆదివారము ఆరాధన ముగిసినప్పుడు ఆ చిన్నది పెద్దలకు రక్తపోటు చూచెను. "మీరు కూడ అయ్యగారూ" అనగా, అంగీ చెయ్యి మడుచుటకు మేము వెనుకాడితిమి. బోధకునికే జబ్బని నలుగురు అనుకొందురేమో యని సిగ్గు. అప్పుడు పేతురు జ్ఞాపకమువచ్చి చెయ్యి చాపితిమి. ఆమె కొంచెము ఆగి రెండవమారు కూడ చూచి, మాకు మాత్రమే వినబడునట్లు, "ఉండవలసినదానికన్న ఎక్కువగా ఉన్నది. ఒక్కనాడు చూచి జబ్బని చెప్పరాదు గాని, గద్వాలకు పోయి డాక్టరుకు చూపించుకోండి" అనెను. వెళ్లితిమి. ఇప్పుడు మాత్రలు వేసికొనుచున్నాము. చెయ్యి దాచుకొనియుంటే ఏమగునో ప్రభువునకే ఎరుక.

ప్రియులారా, సేవ పొందియే మనము సంఘమైతిమి. 1907లో మన దేశమునకు వచ్చి, 1945లో శంషాబాదులో ప్రభువునందు నిద్రించిన వైద్యురాలు కాథరీనా షెల్లెన్‌బర్గ్ వంటివారి చేతులలో మన తాతలు అవ్వలు తమ చేతులు పెట్టిరి. ఇతరులు ముట్టుటకు వెనుదీసిన దేహములను అట్టివారు ముట్టిరి. చెయ్యి చాపుట అవమానమని మనవారు తలంచలేదు.

ప్రభువును చూడుడి. 13వ అధ్యాయములో పాదములు కడిగినవాడు, 12వ అధ్యాయములో బేతనియయందు తన పాదములను మరియ చేతికిచ్చెను. ఆమె అత్తరు పూసి తలవెండ్రుకలతో తుడుచుచుండగా వారింపలేదు. ఆయన తొట్టిలో పరుండెను, సమరయ స్త్రీని నీళ్లడిగెను, తుదకు ఇతరుల చేతులమీద సమాధికి మోయబడెను. మన ప్రధానయాజకుడు మన మంచముమీద పండుకొనని వైద్యుడు కాడు. అందుచేతనే ఆయన చెయ్యి మనకు వెచ్చగానున్నది.

కావున ఈ నెలలో మంచము పట్టినవారి యింటికి వెళ్లినప్పుడు కూర్చుండుడి. మీ మాటకు ముందు వారి మాట వినుడి. ఇంటిల్లిపాదికి వండిపెట్టి తన నొప్పి ఎవరికిని చెప్పని తల్లీ, నీవు చెప్పుము. ఇతరులకొరకు ప్రార్థించుచు తనకొరకు అడుగని పెద్దా, నీవు అడుగుము. కడుగుట నేర్చుకొనకముందు కడిగించుకొనుట నేర్చుకొందము.

ప్రభువా, మా గర్వమును క్షమించి, మా చేతులను వెచ్చచేయుము. మా వంతు వచ్చినప్పుడు నీ యెదుటను, మా సహోదరుల యెదుటను చెయ్యి చాపు కృప దయచేయుము. ఆమేన్.