మచ్చికైన గుర్రాలు

పాత పికప్ నడిపితే రోడ్డు తెలిసేది, కొత్త పికప్‌లో కూర్చుంటే రోడ్డు మరిచిపోతాం. నా ఈడు డ్రైవర్లందరి నోటా ఇదే మాట. టెక్కలిలో టీ కొట్టు దగ్గరైనా, విశాఖ చేపలరేవులో లోడు దిగేదాకా నీడ వెతుక్కుని కూర్చున్నప్పుడైనా ఇదే. నేనూ చాలాసార్లు అన్నాను. అయితే ఈ మాటని వేదాంతం దగ్గరికి తీసుకెళ్తే అక్కడ అంత సులువుగా నెగ్గదు. రోడ్డు తెలియడం మంచిదే, ఒప్పుకుందాం. బండి మన మెడలు వంచి తెలియజేస్తే అది మన గొప్పా, బండి గొప్పా? ఏ బలవంతమూ లేకుండా మెలకువగా ఉండటం మనిషికి చేతనవుతుందా?

ముందు బండి సంగతి చెబుతాను. బండి లేకుండా వేదాంతం చెబితే మా ఊళ్ళో ఎవరూ వినరు.

మాది భావనపాడు. ఇక్కడ వలకి పడిన చేపలో ఊరు తినేది కొంచెమే. కవళ్ళు, కానాగడతలు, వంజరం, చందువా ఏది పడినా ట్రేలలో ఐసు కలిపి పేర్చి, ఉప్పుమడుల పక్కనుంచి నౌపడా మీదుగా టెక్కలి చేరి హైవే ఎక్కాలి. అక్కణ్ణుంచి బేరం ఎటు పిలిస్తే అటు. కిందికి శ్రీకాకుళం, విశాఖ. పైకి పలాస, ఇచ్ఛాపురం, బరంపురం. ఎటు వెళ్ళినా ఐసు కరిగేలోపల చేరాలి. ఉప్పుగాలీ చేప నీళ్ళూ కలిసి ఏ బండి అడుగునైనా తినేస్తాయి కాబట్టి మా దగ్గర ఏ కంపెనీ బండీ అందంగా ముసలిదవదు.

మన దేశంలో పికప్ అనే రకం బండి జనం కళ్ళకి అలవాటైంది 1988లో టాటా మొబైల్ వచ్చిన దగ్గర్నుంచి. అదే దశకంలో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యాయి. నమూనా జపానుది, చేసిన చేతులు మనవి. తరవాత మహీంద్రా పికప్‌లు ఊరూరా పాకాయి. 2005లో టాటా ఏస్ వచ్చాక, అంటే చోటా హాథీ వచ్చాక, రిక్షా లాగినవాడు కూడా బండి ఓనరు కాగలిగాడు. నేను నడిపిన పాత బండి ఏ కంపెనీదో చెప్పను. దాని మీద నాకు కోపం లేదు, కేసూ లేదు.

దాని స్టీరింగు బరువు. నిలబడిన బండిని తిప్పాలంటే చెయ్యి కాదు, భుజం దిగాలి. స్టీరింగులో ప్లే ఉండేది, చక్రాన్ని నాలుగు వేళ్ళ మేర తిప్పాక గాని టైరుకి కబురు అందేది కాదు. తెల్లవారుజామున హీటరు లైటు ఆరేదాకా ఆగి స్టార్టు చెయ్యాలి. గేరు రాడ్డు అరచేతిలో వణికేది. ఆ వణుకులో తేడాని బట్టి ఇంజను ఏ గేరు అడుగుతోందో తెలిసేది. ఖాళీ బండికి కమాన్ పట్టీలు ఎగిరెగిరి నడుం విరగ్గొట్టేవి, లోడు పడితే బుద్ధిమంతుల్లా సర్దుకునేవి. ఇంజను వేడి కాళ్ళకి, పొగ ముక్కుకి, చప్పుడు చెవికి. ఒక్క నాలుకకి తప్ప అన్ని ఇంద్రియాలకీ పని ఉండేది. వానాకాలంలో డోరు సందులోంచి నీళ్ళు కొట్టి నాలుకకి కూడా ఉప్పదనం అందేదనుకోండి.

అసలు విద్య నీళ్ళ దగ్గర ఉంది. దారిలో ఐసు కరుగుతుంది. వెనక డోరు కింద నీళ్ళు పోయే సందుకి పొలుసులు అడ్డం పడితే, ఆ నీళ్ళన్నీ వెనకే నిలిచి, బరువు వెనక చక్రాల మీదికి పోయి, ముందు చక్రాలు తేలికవుతాయి. అప్పుడు బండి మలుపులో మన మాట వినదు. పాత బండిలో ఇది ముందే తెలిసేది, ఎందుకంటే అంత బరువైన స్టీరింగు ఉన్నట్టుండి తేలిగ్గా తిరిగితే భుజానికి అనుమానం వస్తుంది. దిగి, కర్రపుల్లతో సందు పొడిచి, నీళ్ళు వదిలి బయల్దేరేవాళ్ళం. ఇప్పుడు పవర్ స్టీరింగు. అది ఎప్పుడూ తేలికే. ఎప్పుడూ నవ్వే మనిషి ముఖం చూసి వాడి మనసులో ఏముందో చెప్పలేం, ఇదీ అంతే.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న కొత్త పికప్ నా మేనల్లుడు నడుపుతాడు. ఏసీ ఉంది. చప్పుడు లేదు. స్టీరింగు కింద ఇప్పటికీ ఇనుప కడ్డీయే ఉంది గాని, యాక్సిలరేటరు కింద తీగ మాత్రం లేదు. పాతదాంట్లో కాలు నొక్కితే తీగ లాగేది, తీగ లాగితే డీజిలు పెరిగేది. ఇప్పుడు కాలు ఎంత నొక్కామో ఒక సెన్సారు చూసి పెట్టెకి చెబుతుంది. ఎంత డీజిలు పోయాలో ఆ పెట్టె నిర్ణయిస్తుంది. అంటే నా కాలు హుకుం ఇవ్వడం మానేసి అర్జీ పెట్టుకోవడం మొదలెట్టింది. ఒకసారి ఈ సంగతి చెప్పి, బండి తెలిసి నడిపే రోజులు పోయాయిరా అన్నాను. వాడు హారన్ కొడుతూనే అన్నాడు:

“మావా, ఆ తెలివి బండిది. బండి బయపెట్టింది, నువ్వు జాగర్తగున్నావు. అందులో నీ గొప్పేటుంది? బయపెట్టకపోయినా జాగర్తగుంటే, అదీ డ్రైవరంటే.”

వాడు డిగ్రీ మధ్యలో మానేశాడు గాని ఈ మాట మధ్యలో ఆగేది కాదు. విశాఖ బీచ్ రోడ్డు రామకృష్ణ మిషన్‌లో కొన్న కఠోపనిషత్తు పుస్తకం నా దగ్గరుంది. ఆ రాత్రి అందులో రథం వచ్చే చోటు మళ్ళీ తీశాను. యముడు నచికేతుడికి చెబుతాడు: శరీరం రథం, ఆత్మ అందులో కూర్చున్నవాడు, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, లోకంలోని విషయాలు ఆ గుర్రాలు పరుగెత్తే దారులు. ఇందులో నా ఉద్యోగం సారథిది. రథంలో కూర్చున్నవాడు మా భాషలో శావుకారు. ఉపనిషత్తులో శావుకారు నోరెత్తకుండా కూర్చుంటాడు, మా శావుకార్లు మడపాం టోల్‌గేటు దాటకముందే నాలుగు ఫోన్లు చేస్తారు. ఇప్పుడు ఫోను కూడా అక్కర్లేదు. కొన్ని కొత్త బండ్లు ఎక్కడున్నాయో, ఎంత వేగంలో ఉన్నాయో ఓనరు సెల్లుకి వాటంతటవే చెబుతాయి. సాక్షి అనే మాటకి వేదాంతులు ఇంత చవకైన అర్థం ఊహించి ఉండరు.

అదలా ఉంచండి. యముడు ఏ గుర్రాలని మెచ్చుకున్నాడో చూడాలి. వివేకం ఉన్నవాడి ఇంద్రియాలు మంచి గుర్రాల్లా సారథి చెప్పినట్టు వింటాయి, లేనివాడివి పొగరుబోతు గుర్రాల్లా ఎదురు తిరుగుతాయి అన్నాడు. పొగరుబోతు గుర్రాలే గొప్పవని, వాటితో పడిన అవస్థే తపస్సని ఎక్కడా అనలేదు. అంటే నడుం నొప్పినీ భుజం నొప్పినీ చూపించి పుణ్యం అడగడానికి నాకు శాస్త్రం లేదు. నా ఈడు వాళ్ళందరం చేసే పొరపాటు లెక్క ఇదే, శ్రమనీ శ్రద్ధనీ ఒకే ఖాతాలో రాసుకుంటాం. పాత బండిలో ఆ రెండూ కలిసే వచ్చేవి కాబట్టి విడదీయాల్సిన అవసరం రాలేదు. కొత్త బండి శ్రమని తీసేసి, ఏదీ ఇప్పుడు నీ శ్రద్ధ చూపించు అంటోంది.

అయినా మేనల్లుడు పూర్తిగా గెలిచినట్టు కాదు. ఉపనిషత్తులో గుర్రాలు మంచివైంది వాటిని మచ్చిక చేసినవాడు ఆ సారథే కాబట్టి. కొత్త బండిలో గుర్రాలు ఫ్యాక్టరీలోనే మచ్చికై వస్తాయి. ఏబీఎస్ సంగతి చూడండి. తడి రోడ్డు మీద బ్రేకు ఒక్కసారిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి వెనకభాగం పక్కకి కొట్టుకొస్తుంది. అందుకని తొక్కి వదిలి, తొక్కి వదిలి ఆపడం మాకు గురువులు నేర్పారు. క్లీనరుగా ఉన్నన్నాళ్ళూ పక్క సీట్లోంచి వాళ్ళ కాలు చూసి నేర్చుకున్నాం. ఏబీఎస్ చేసేది సరిగ్గా అదే, సెకనులో ఎన్నోసార్లు, ఏ కాలికీ చేతకానంత తొందరగా. అంటే ఆ పెట్టెలో ఉన్నది మాయ కాదు. లోకంలో ఎందరో డ్రైవర్లు భయపడి, జారి, లేచి నేర్చుకున్న సంయమనమే అందులో ఉంది. సాధన మాది, సిద్ధి వాడిది.

గీత ఆరో అధ్యాయంలో అర్జునుడికి ఇలాంటి సందేహమే వస్తుంది. యోగం మొదలుపెట్టి మధ్యలో జారినవాడి గతేమిటని అడుగుతాడు. వాడి శ్రమ ఎక్కడికీ పోదు, మంచి ఇంట్లో మళ్ళీ పుడతాడు, వెనకటి అభ్యాసం తన ప్రమేయం లేకుండానే వాణ్ణి ముందుకి లాగుతుంది అంటాడు కృష్ణుడు. మేనల్లుణ్ణి ఏసీలో చూసినప్పుడల్లా నాకు ఆ పుణ్యాత్ముడే గుర్తొస్తాడు. కాకపోతే అక్కడ వెనక జన్మలో అభ్యాసం చేసింది వాడే. ఇక్కడ అభ్యాసం ఒకరిది, పుట్టుక ఒకరిది. అప్పు తెచ్చుకున్న సంయమనానికి ఫలం ఎవరి ఖాతాలో పడుతుంది? కర్మసిద్ధాంతం ఒకరి కర్మ ఇంకొకరికి మళ్ళించడానికి మామూలుగా ఒప్పుకోదు. ఫ్యాక్టరీ మాత్రం నిక్షేపంలా మళ్ళిస్తోంది.

ఈ ప్రశ్న మాకే గాని రోడ్డు అంచున నడిచే మనిషికి లేదు. మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఆ పనులు మొదలయ్యాక మా వైపు రోడ్ల మీద పెద్ద బండ్లు పెరిగాయి. చేపల గంప నెత్తిన పెట్టుకుని తెల్లారకముందే నడిచే అప్పలకి, నా కాలు ఆపిందా పెట్టె ఆపిందా అనేది అనవసరం. ఆగిందా లేదా, అంతే. ధర్మంలో సగం వాళ్ళ వైపు నుంచి చూడాలి. ఆ సగంలో కొత్త బండి నా పాత బండి కన్నా ధర్మాత్మురాలు, సందేహం లేదు. మిగతా సగం నడిపేవాడి లోపల జరిగేది. దానికి ఏ కంపెనీ గ్యారంటీ ఇవ్వదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. పాత బండి నాకు శ్రద్ధతో పాటు అహంకారం కూడా నేర్పింది. లోడుతో బరంపురం వెళ్ళొస్తే నేను తెచ్చాను అనుకునేవాణ్ణి. ఏ పనికైనా కారణాలు అయిదు, తానొక్కడే చేశాననుకునేవాడు సరిగ్గా చూడటం లేదు అంటుంది గీత చివరి అధ్యాయం. ఆధారం, కర్త, పనిముట్లు, కదలికలు, అయిదోది దైవం. పాత స్టీరింగు పట్టుకున్నవాడికి ఈ మాట ఎక్కడం కష్టం, భుజం నొప్పి ‘నేనే’ అని గట్టిగా అరుస్తూ ఉంటుంది కాబట్టి. కాలు అర్జీ పెట్టుకునే బండిలో కూర్చున్నాకే నాకా శ్లోకం కాస్త అర్థమైంది. అయితే దసరాకి మాత్రం కొంచెం ఇబ్బంది. జాకీ, వీల్ స్పానరు, రించీలు కడిగి పసుపు కుంకుమ పెట్టేవాళ్ళం. ఇప్పుడు బండికి ఏం వచ్చినా చూసే స్కానరు టౌనులో సర్వీసు సెంటరు వాళ్ళ దగ్గర ఉంటుంది. ఆయుధం వాళ్ళ దగ్గర, పూజ మా దగ్గర.

శ్రీకాకుళం లోడు దింపాక వీలైతే అరసవల్లి వెళ్తాను. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని జనం కిటకిటలాడతారు. నేను చూసేది పాదాలని కాదు, ఏడు గుర్రాల సారథిని. అనూరుడికి తొడలు లేవు. వినత తొందరపడి గుడ్డు పగలగొట్టడంతో సగం ఎదిగిన ఒంటితో పుట్టాడని ఆదిపర్వం చెబుతుంది. తొందర వల్ల అవిటివాడైనవాణ్ణి తెచ్చి, ఒక్క రోజూ ఆలస్యం కాని, ఒక్క రోజూ ముందు కాని రథం మీద కూర్చోబెట్టారు. ఐసు కరిగిపోతుందని గుండెలు బాదుకునే మా వృత్తికి ఇంతకన్నా తగిన దేవుడు లేడు. పైగా బ్రేకు తొక్కడానికీ క్లచ్ తొక్కడానికీ కాళ్ళే లేని డ్రైవరు. కాళ్ళతో చేసే పనంతా ఎవరో తీసేసుకున్నా, చూపు దారి మీదినుంచి కదలదు. పైగా ఆ గుర్రాలు ఎప్పుడూ ఎదురు తిరిగినట్టు ఏ పురాణంలోనూ నేను చదవలేదు. మచ్చికైన గుర్రాల వెనక కూర్చుని మెలకువగా ఉన్నవాడు ఒకడున్నాడన్నమాట.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. మొత్తం విని, “అయితే నానే గెలిసినట్టేనా మావా?” అన్నాడు. సగం గెలిచావు, మిగతా సగం నౌపడాలో చూద్దాం అన్నాను. అక్కడ బండి ఆపి, దిగి, వెనక డోరు కింద నీళ్ళు పోతున్నాయో లేదో చూసి రమ్మన్నాను. స్టీరింగు ఏమీ చెప్పలేదు, మీటర్లో ఏ లైటూ వెలగలేదు, మరి ఎందుకని గొణిగాడు గాని దిగాడు. ఇప్పుడు నేను పక్కన లేని రోజుల్లో కూడా దిగుతున్నాడని ఐసు ఫ్యాక్టరీ దగ్గర చెప్పారు. నీళ్ళ కోసం దిగుతున్నాడా, నా నస తలుచుకుని దిగుతున్నాడా అని అడగలేదు. అడిగితే మానేస్తాడేమోనని.