నీటియొద్ద కాచుకొనువాడు



మన చీపురుపల్లికి పడమటనున్న తూర్పు కనుమలలో పూర్వము దుప్పులను, కణుజులను వేటాడినవారు వాటి వెంట పరుగెత్తలేదు. అడుగుజాడలు కనిపెట్టి, తమ వాసన సోకకుండ గాలికెదురుగా, నీటిమడుగునొద్ద కాచుకొనిరి. దప్పియే జంతువును వారియొద్దకు తెచ్చెడిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేడు ఆ వేట నేరము.

అయితే మన ఆత్మలను వేటాడువాడు మానుకొనలేదు. 40 దినముల ఉపవాసము తరువాత ప్రభువు ఆకలిగొన్నప్పుడే వాడు వచ్చెను. మన అప్పు, మన దుఃఖము, మన ఒంటరితనము వాడెరుగును. అచ్చటనే కల్లు ముంతతో, అబద్ధముతో పొంచియుండును.

అయినను సుఖారు ఊరి బావియొద్ద కూర్చున్న మరియొకనిని చూడుడి. ఆయనయు దప్పిగొన్నవారికొరకే కనిపెట్టుచున్నాడు. ప్రాణము తీయుటకు కాదు, జీవజలమిచ్చుటకు. దప్పి పాపము కాదు. అది మనలను ఎవరియొద్దకు నడిపించుచున్నదో నేడే పరీక్షించుకొందము.