ఒక్క అడుగు దోషమగునా?

గృహస్థుని యింట అయిదు హింసాస్థానములు కలవని ధర్మశాస్త్రము చెప్పును. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్లబిందె - వీనిని పంచసూన లందురు. వీనివలన కంటికి కానరాని క్షుద్రజంతువు లెన్నియో నశించును. గృహిణి చంపవలెనని చంపుట లేదు. అయినను మనువు దానిని దోషముగనే యెంచి, నిత్యము చేయవలసిన పంచమహాయజ్ఞములను నిష్కృతిగా విధించెను. తెలియక జరిగినది గదా యని విడిచిపుచ్చలేదు; వంట మానుమనియు ననలేదు.

ఈ విచారమును గడప దాటించి విహారయాత్రకు అన్వయించి చూచిన నొక చిక్కు తోచును. అమెరికా దేశమున యూటా రాష్ట్రములో, మోయాబ్ పట్టణ సమీపమున ఆర్చెస్ జాతీయోద్యానము కలదు. అది ఎడారి సీమ. ఎఱ్ఱని యిసుకరాతి తోరణములు అచ్చట రెండువేలకు పైగా నున్నవి. అమెరికాలో కాపురముండు తెలుగువారు, తమను చూడవచ్చిన తల్లిదండ్రులను అట్టి చోట్లకు తీసికొని పోవుటయు కలదు.

అందఱి చూపును తోరణములమీదనే. కాలిక్రింద నున్నదానిని చూచువారు అరుదు. అచ్చటి యిసుకనేలపై నల్లగా, గరుకుగా, చిన్న బుడిపెలతో నొక పొర యుండును. ఎండిన బురదవలె తోచును గాని యది సజీవము. సయనోబాక్టీరియా యను సూక్ష్మజీవులు తడి తగిలినపుడు ఇసుకలో ప్రాకుచు జిగురుదారములను విడుచును. ఆ దారములే యిసుకరేణువులను కూర్చి పట్టును. నాచులు, లైకెన్లు దానికి తోడగును. గాలికి నేల యెగిరిపోకుండ కాపాడునది, మొక్కలకు నత్రజని నందించునది ఆ పొరయే. పాదము మోపిన పొడియగును. మరల పెరుగుటకు ఏండ్లు, ముదిరిన పొరకైనచో దశాబ్దములు పట్టును. వాకిట ముగ్గును చూచినవాడు ప్రక్కగా తొలగి నడచును. ఈ ముగ్గు పెట్టినవారు కంటికి కానరారు గనుక తొక్కుదురు.

'నే నొక్కడను అడుగు పెట్టిన నేమగును?' అని యడుగవచ్చును. 2021వ సంవత్సరమున ఆ యుద్యానమునకు వచ్చినవారు 18 లక్షలకు పైబడిరి. వారిలో ప్రతివాడును ఒక్కడే. అదియు గాక, అడుగుజాడ మఱియొకని పిలుచును. తొలివాడు త్రోవ కాదని యెఱిగియే తొక్కును; పదవవాడు త్రోవ యనుకొని నడచును. తొలివాని దోషము ఎచ్చట ముగియునో చెప్పుట కష్టము. పొయ్యి రాజేయక గృహస్థునకు గడవదు గనుక మనువు నిష్కృతి చెప్పెను. తోరణమును మఱికొంత దగ్గఱగా చూడకున్నను గడచును.

ఆ యుద్యానములోనే ఫైరీ ఫర్నెస్ అను చిక్కుదారుల రాతిసందు లున్నవి. అందు ప్రవేశింపగోరువారు అనుమతిపత్రము పొందవలెను, లేదా రేంజరు వెంట పోవలెను. పత్రము గోరినవారికి ముందుగా ఎచ్చట నడువవలెనో బోధింతురు - రాతిమీదను, ఎండిన వాగుల యిసుకలోను. సంస్కృతమున అనుమతిని అనుజ్ఞ యందురు. అందలి 'జ్ఞా' ధాతువునకు తెలియుట యర్థము. తెలిపిన పిమ్మట పొమ్మనుట ఆ మాటకు మిక్కిలి తగియున్నది.

సంఖ్య పరిమితము గనుక కొందఱికి పత్రము దొరకదు. ఇంటర్నెట్టులో ముందుగా కోరుట యెఱిగినవారికి అందును. ఎఱుగని వృద్ధులకు అందదు. ఇది యీ పద్ధతియందలి లోపమే. జన్మములో మరల రాజాలని తండ్రిని అచ్చటినుండి మరలించుకొని పోవలసిన కొడుకునకు కోపము వచ్చుట సహజము. ఆ కోపమున ప్రక్కదారి తొక్కినచో, తండ్రికి చూపవలెనని వచ్చినదానినే తండ్రి పాదములచేత చెఱపించినవా డగును. అదే యుద్యానమున డెలికేట్ ఆర్చ్ అను ప్రసిద్ధ తోరణమును దూరమునుండి చూచుటకు, కారు నిలుపు చోటినుండి నూరు గజముల చదునైన బాట కలదు. దానికి ఫైరీ ఫర్నెస్ పత్రముతో పని లేదు. తండ్రి చేయి పట్టుకొని అచ్చటికి నడిపింపవచ్చును.