ఇది సద్దేనా

ఆదివారం పొద్దున మా పేటకు ఉజని డ్యాం చేపలొస్తాయి. రవ్వ, బొచ్చె కలిపి రెండు కిలోలు కొంటాను. పొలుసు తీయించి, ముక్కలు కొట్టించి, రాళ్లుప్పు, పసుపుతో రుద్ది, నీసు పోయేదాకా కడుగుతాను. మా ఆయన టవల్ కార్ఖానాలో మగ్గం నడుపుతాడు. అక్కడి పాత టవల్ ముక్కతోనే తడంతా అద్దుతాను. తడి మిగిలితే ఫ్రీజర్లో మంచు పేరుకుని ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కారం, అల్లంవెల్లుల్లి పట్టించి నాలుగేసి ముక్కల పొట్లాలు కడతాను. చింతపండు గుజ్జు వేరే డబ్బాలో ఉంటుంది. బుధవారం పొద్దున ఒక పొట్లం కింది అరలోకి దించుతాను. చుట్టిన వెయ్యి బీడీలు అప్పజెప్పి ఇంటికి చేరేసరికి సాయంత్రం ఏడవుతుంది. అరగంటలో పులుసు దిగుతుంది.

మా అత్త ఆ పులుసు ముట్టదు. "సద్ది కూర నాకొద్దు బిడ్డా. రేపటిది ఇయ్యాలనే దాసుకునుడంటే దేవుని మీద నమ్మకం లేకనే గదా" అంటుంది. చేపలు తినేవాళ్లకు ఇంత పట్టింపు ఎందుకని పక్కింటివాళ్లు అనొచ్చు. నేననను. ఏది తిన్నా శుచి శుచే. పైగా ఆమె మాటకు ఆధారముంది. గీత 17వ అధ్యాయం, 10వ శ్లోకంలో జాము గడిచిందీ, రుచి పోయిందీ, వాసన పట్టిందీ, రాత్రి నిలవున్నదీ తామసులకు ఇష్టమైన తిండి అని ఉంది.

జామంటే మూడు గంటలు. పొద్దున ఏడింటికి కట్టిన డబ్బా మా ఆయన ఒంటిగంటకు విప్పుతాడు. అప్పటికి రెండు జాములు. అంటే మగ్గం దగ్గర నిలబడి తినే మనిషి తామసుడా? వేడివేడిగా తినేవాడికి వేళకు వండిపెట్టే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. ఆ మనిషి జాములను ఎవరు లెక్కపెట్టారు? ఇంకో సంగతి కూడా ఉంది. చేపల పులుసు మర్నాటికే రుచెక్కుతుంది. గడియారం చూసి రుచి పోయిందని చెప్పలేం.

నమ్మకం మాట మాత్రం నన్ను చాలాకాలం వదల్లేదు. మా కులపురుషుడు మార్కండేయుడు తన ఆయుష్షు పదహారేళ్లేనని తెలిసి బతికినవాడు. శ్రావణ పౌర్ణమికి ఆయన రథం వెంట నడిచే మేము, రేపు మన చేతిలో లేదని వింటూనే పెరిగాం. అయినా మా అమ్మ రాత్రే నూలు కండెలు చుట్టిపెట్టేది. పొద్దున నాడెలో వేయడానికి కండె లేకపోతే మగ్గం ఆగుతుంది. ఆమె దేవుణ్ణి నమ్మకనా అవి చుట్టింది? రేపు మగ్గం ముందు కూర్చునే మనిషి మీద ప్రేమతో చుట్టింది.

అత్త మాట నన్ను నిజంగా తాకింది ఒక్కసారే. నిరుడు శ్రావణం రాకముందు ఫ్రీజర్ ఖాళీ చేస్తుంటే అడుగున ఒక పొట్లం దొరికింది. ఎప్పుడు పెట్టానో గుర్తు లేదు. ముక్కలు తెల్లబారి, ఎండి, పీచులా ఉన్నాయి. కుళ్లలేదు, కానీ సారం లేదు. ధర తగ్గిందని, మళ్లీ దొరకదేమోనని భయపడి కొన్నది అది. ఎవరి రాత్రి కోసమూ కట్టింది కాదు. శ్లోకం చెప్పిన సద్ది నాకు అందులో కనిపించింది. అప్పటినుంచి వారానికి సరిపడా పొట్లాలే కడుతున్నాను, వాటి మీద వారం పేరు రాస్తున్నాను.

అత్త ఇప్పటికీ బుధవారం పులుసు తినదు. ఆదివారం మాత్రం నా పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంది. ఆమె ముక్కలు రెండు పొట్లంలో కట్టకుండా, అప్పుడే పొయ్యి మీద వేస్తాను.